బటూమికి అప్పగింతలు

"నేను రానని నిన్న అన్నాల దగ్గరే చెప్పా. మళ్లీ ఆ చీర ఎందుకు ఇస్త్రీ చేస్తున్నావు?"

కృష్ణప్రియ తలెత్తలేదు. ఇస్త్రీపెట్టె మెరూన్ అంచు మీద నింపాదిగా నడుస్తోంది. అది ముదురాకుపచ్చ పట్టుచీర. ఫ్లెక్సీల్లో వాళ్లమ్మ పుష్పవతి కట్టుకున్నది అదే. నందిగామ బస్టాండు ఎదురుగా, కంచికచర్ల సెంటర్లో, జగ్గయ్యపేట ఆటోస్టాండు దగ్గర ఆ చీరతో, చేతిలో గరిటెతో నవ్వుతూ పుష్పవతి రెండేళ్లుగా ఎండకీ వానకీ నిలబడి ఉంది. కింద పెద్దక్షరాలతో 'బటూమిలో మీ పిల్లలకి మన నందిగామ అమ్మమ్మ' అని రాసి ఉంటుంది. అల్లుడు సతీష్‌బాబు పిల్లల్ని డాక్టరు చదువుకి పంపే విదేశపు ఊరు బటూమి; అక్కడ వాళ్ల మెస్సులో వంట ఆమెదే.

"మీటింగుకి రాననా, గురువారం విమానం ఎక్కననా?" అంది కృష్ణప్రియ.

"రెండూ."

"మీటింగుకి రాకపోతే ఎట్టాగమ్మా? నూట ఇరవై మంది తల్లిదండ్రులు వస్తున్నారు. ఎవరిని చూడ్డానికి వస్తున్నారనుకున్నావు? నన్నా, ఆయన్నా?"

"అదే నేనూ అడుగుతున్నా. నన్ను చూడ్డానికి అంతమంది ఎందుకు రావాలి? నేనేం చేసానని?"

ఇస్త్రీపెట్టె ఆగింది. చీర కాలుతుందేమోనని పుష్పవతే గబుక్కున చెయ్యి చాచి దాన్ని లేపి పక్కన పెట్టింది. వంటింట్లో కుక్కరు రెండు కూతలు కూసి ఊరుకుంది.

సతీష్‌బాబు అప్పుడే టీ కప్పుతో వచ్చాడు.

అతనికి కోపం రాదు. ఆ ఇంట్లో అసలు చిక్కు అదే. అరిచే అల్లుడైతే అత్తగారు కూడా నాలుగు అరిచి, ఆ పూటకి అన్నం మానేసి, ఏదో ఒకటి తేల్చుకుంటుంది. ఇతను అరవడు. కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. మోకాళ్ల మీద మోచేతులు ఆనించుకుని "చెప్పండత్తయ్యా" అంటాడు. చెప్పినదంతా శ్రద్ధగా వింటాడు. విన్నాక, తను ముందు అనుకున్నదే జరిపిస్తాడు.

"చెప్పండత్తయ్యా."

"కంటి ఆపరేషన్‌కని వచ్చా. కన్ను బాగైంది. ఇంక ఇక్కడే ఉంటా బాబూ. వంటకి వేరే ఎవరినన్నా చూసుకోండి."

"వంటకేముందండి, ఎవరైనా దొరుకుతారు. అక్కడ ఇప్పటికే ఇద్దరున్నారు. మీరు చెయ్యి కూడా పెట్టక్కర్లేదు. ఊరికే కూర్చోండి చాలు. పిల్లలకి మీరు కనపడితే చాలు."

"కూర్చునే దానికి అంత దూరం దేనికి? ఇక్కడే కూర్చుంటా."

"ఎక్కడత్తయ్యా?" అన్నాడు సతీష్. చాలా మెత్తగా అడిగాడు.

నాలుగు వీధుల అవతల పుష్పవతి ఇల్లు ఉంది. భర్త తిరుపతిరావు చనిపోయిన ఏడాదికి ఆ ఇంట్లో సతీష్ క్లాసులు పెట్టాడు. విదేశాల్లో డాక్టరు చదువుకి వెళ్లే పిల్లలకి ముందస్తు క్లాసులు. హాల్లో బెంచీలు, పడగ్గదిలో కంప్యూటర్లు, పూజగదిలో జెరాక్స్ మిషను. 'ఖాళీగా ఎందుకు బాబూ, వాడుకోండి' అని తాళాలిచ్చింది ఆమే. ఈ ఇంట్లో ఉన్నవి రెండు గదులు. వచ్చిన దగ్గరనుంచీ ఆమె మనవరాలి చదువుబల్ల పక్కన చాప వేసుకుని పడుకుంటోంది.

ఒప్పుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మొదట వెళ్లేటప్పుడు ఆమె సంతోషంగానే వెళ్లింది. భర్త పోయిన ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, "సముద్రం పక్కన మూడు నెలలు ఉండి రండి, గాలి మారుద్ది" అని అల్లుడంటే చంటిపిల్లలా సంచి సర్దుకుంది. ఆ మూడు నెలలు ఇవాళ్టికి రెండేళ్లు దాటాయి.

"పోనీ నా పాస్‌పోర్టు నాకివ్వండి" అంది ఆఖరికి.

"ఆఫీసు బీరువాలో ఉందండి, పిల్లల పాస్‌పోర్టులతో పాటే. జాగ్రత్తగా ఉంటుందని. మీకిప్పుడు దాంతో ఏం పని?"

పని ఏమీ లేదు. అదే ఆమెకి దుఃఖం తెప్పించింది.

"ఒక పని చేద్దాం" అన్నాడు సతీష్. "గురువారం సంగతి గురువారం చూసుకుందాం. ఇవాళ్టికి రండి. మీకేం తోస్తే అది మాట్లాడండి. నేను రాసిచ్చింది చదవకపోయినా పర్లేదు."

"అప్పగింతలు మాత్రం చెయ్యను."

"వద్దంటే వద్దు."

"నా మీద ఒట్టా?"

"ఒట్లెందుకత్తయ్యా, ఇంట్లోవాళ్ల మధ్య" అని టీ కప్పు పట్టుకుని లేచాడు. ఒట్టు మాత్రం పెట్టలేదు.

ఆ అప్పగింతల కథ రెండేళ్ల కిందట శంషాబాద్ విమానాశ్రయంలో మొదలైంది. మొదటి బ్యాచిలో ఒక తల్లి ఏడుపు ఆపుకోలేక కొడుకు చెయ్యి తెచ్చి పుష్పవతి చేతిలో పెట్టి, "మీకు అప్పగిస్తున్నానండి" అంది. ఎవరో ఫోనులో తీసారు. అది వారంలో ఊరూరా తిరిగింది. తర్వాతి మీటింగులో సతీష్ ఒక వెండిపళ్లెం, పాలు తెచ్చి వేదిక మీద పెట్టాడు. పెళ్లికూతురి చేతులు పాలల్లో ముంచి అత్తామామల చేతుల్లో పెట్టినట్టే, మెడిసిన్‌కి వెళ్లే పిల్లల చేతులు పాలల్లో ముంచి అమ్మమ్మ చేతిలో పెట్టడం. ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని పడలేదు. హాలంతా ఏడ్చింది. క్రైస్తవ కుటుంబాలవాళ్లు పాలు వద్దని, ఒక నిమిషం ప్రార్థన చేసుకుని వట్టి చెయ్యే పెట్టారు. వాళ్లూ ఏడ్చారు.

సతీష్‌కి అది వ్యాపారమని తెలుసు. పుష్పవతికి మాత్రం అది నిజం. ఒక తల్లి తెచ్చి చేతిలో పెట్టిన చేతిని వదిలిపెట్టి తన దారిన తాను పోవడం ఆమె వల్ల కాదు. ఇప్పటికి నలభై ఆరు చేతులు అట్లా పట్టుకుంది. వాళ్లంతా అక్కడ బాగానే అలవాటుపడ్డారు, రెండో ఏడు మూడో ఏడు చదువుతున్నారు, ఇంక తను లేకపోయినా ఉండగలరని ఈ నెల్లాళ్లూ మనసుకి నచ్చజెప్పుకుంటోంది. కొత్త చెయ్యి ఇంకొక్కటి కూడా పట్టుకోకపోతే చాలు, ఇవతలికి వచ్చేయొచ్చు. ఆమె ఆశంతా ఆ ఒక్కదాని మీదే ఉంది.

చీర కట్టుకుంది.

*

తల్లీ కూతుళ్లు కారులో జగ్గయ్యపేట ఫంక్షన్ హాలుకి బయలుదేరారు. సతీష్ ముందే వెళ్లిపోయాడు. డ్రైవరు రత్తయ్య పాటలు పెట్టబోతే కృష్ణప్రియ వద్దంది. హైవే మీద సిమెంటు ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి. చిల్లకల్లు దగ్గర జగ్గయ్యపేట వైపు తిరిగాక కృష్ణప్రియే నోరు విప్పింది.

"ఆ ఊరంటే నీకెందుకమ్మా అంత కష్టం? వీడియోల్లో చూస్తేనే ప్రాణం లేచొస్తది. ఆ సముద్రం, ఆ తాటిచెట్లలాంటి చెట్లు, లైట్లు..."

"ఊరు బంగారంలాంటి ఊరు. ఊరిని నేనేం అన్లా."

"మరి?"

పుష్పవతి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మనసులో ఉన్నది ఒక్కటే మాట. 'నువ్వు ఒక్కసారన్నా రాలేదే.' అది నోటిదాకా వచ్చింది. కూతురు రెండు చేతులతో ఒళ్లో పూలబుట్ట పట్టుకుని, నిద్రలేని కళ్లతో అలిసిపోయి ఉంది. ఆ మొహం చూసి ఆ మాట మింగేసింది. తల్లులకి ఈ మింగడం ఎవరు నేర్పిస్తారో తెలియదు. నేర్పినవాళ్లని తీసుకొచ్చి నాలుగు కడగాలి.

*

ఫంక్షన్ హాల్లో భోజనాల వైపు చేతులు కడుక్కునే చోట ఒకావిడ ఎదురొచ్చి గట్టిగా చెయ్యి పట్టుకుంది.

"పుష్పవతమ్మగారూ! నేనండి, బేబిని."

గుర్తుపట్టకేం. తిరుపతిరావు మంచం పట్టిన ఎనిమిది నెలలూ నర్సు బేబి రోజూ డ్యూటీ దిగి వచ్చి, పుళ్లు కడిగి, పక్క మార్చి వెళ్లేది. అడిగినా అడగకపోయినా వచ్చేది. ఆఖరి వారం పుష్పవతిని కూర్చోబెట్టి రెండు ముద్దలు తినిపించింది కూడా ఆమే.

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?"

"మా మహిమకి సీటొచ్చిందండి, బటూమిలో. వీసా కూడా అయింది. గురువారం మీతోనే. మీకు చెప్పలేదా అల్లుడుగారు? మీకు అప్పగిస్తేనే పంపుతానన్నారండి మాయన." బేబి మొహమంతా నవ్వే. "జ్ఞానయ్యగారి సంగతి మీకు తెలుసుగా. ముక్త్యాల ఫ్యాక్టరీ తప్ప ఇంకో ఊరు నమ్మడు. ఆడపిల్లని సముద్రాలు దాటించటమేంటని నాలుగు నెలలు మాట్లాడలా. మీ పేరు చెప్పాక ఒప్పుకున్నాడు. 'అమ్మగారుంటే సరే' అన్నాడు, ఒక్క మాట."

వెనక నుంచి మహిమ వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల, తల్లిలాగే చామనచాయ, సన్నగా ఉంది. చేతిలో ఒక నోటుబుక్కు. అందులో జిలేబీల్లా మెలికలు తిరిగిన అక్షరాలు పేజీల కొద్దీ దిద్దుకుంది.

"నమస్తే అమ్మమ్మగారూ. వాళ్ల భాష నేర్చుకుంటున్నానండి, ఫోనులో చూసి. 'గమర్జోబా' అంటే నమస్కారమేగా? నేను అంటున్నది కరెక్టేనా?"

"కరెక్టేనమ్మా. నాకన్నా బాగా అన్నావు."

పిల్ల సంతోషంతో వాళ్ల నాన్నకి చెప్పడానికి లోపలికి పరిగెత్తింది. పుష్పవతి కుళాయి తిప్పి, కడిగిన చేతులే మళ్లీ కడుక్కుంది.

"బేబీ. నీకు కాబట్టి చెప్తున్నా. నేను వెళ్లట్లేదు."

"ఆరోగ్యం బాలేదాండి?"

"ఆరోగ్యానికేం. ఉండలేనే అక్కడ. ఊపిరాడదు. పొద్దున నాలుగు గంటల నుంచి ఆ వంటింట్లో... మాట్లాడే మనిషి ఉండదు. పిల్లలు తినేసి ఫోనులు చూసుకుంటా పోతారు, వాళ్ల తప్పు కాదు, చదువులు వాళ్లవి. మా కూతురూ అల్లుడూ వెనక్కి రమ్మనరు. నేను ఇంక వెళ్లను. మీ పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టమాకు."

బేబి కుళాయి కట్టేసింది. హాల్లోంచి 'మైక్ చెక్, మైక్ చెక్' అని వినపడుతోంది.

"అయితే మహిమ వెళ్లదండి" అంది చివరికి.

"అదేంటే? వీసా వచ్చిందన్నావుగా."

"మీరు లేరని తెలిస్తే ఆయన పంపడు. రెండు సార్లు నీట్ రాసి రెండేళ్లు ఇంట్లో కూర్చుందండి. తలుపేసుకుని కూర్చునేది. అన్నానికి పిలిచినా పలికేది కాదు. ఆ నోటుబుక్కు పట్టుకున్నాకే మళ్లీ నవ్వటం మొదలెట్టింది." బేబి చున్నీ చెంగుతో పుష్పవతి తడిచేతులు తుడిచింది, పేషంటుకి తుడిచినట్టే. "ఇదంతా మిమ్మల్ని రమ్మని చెప్పట్లేదండి. మీరు రండి అని నేనెప్పటికీ అడగను. ఆ మాట నా నోట రాదు. మీ కష్టం మీ మొహంలో కనపడతానే ఉంది."

బేబి అడిగి ఉంటే పుష్పవతి కోప్పడగలిగేది. అడగకపోయేసరికి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

*

"బటూమి అనే ఊరు జార్జియా దేశంలో నల్లసముద్రం ఒడ్డున ఉన్నదండి" అని పుష్పవతి మైకులో మొదలుపెట్టింది. సతీష్ రాసిచ్చిన కాగితం అలాగే మొదలవుతుంది. "ఉపోష్ణ మండలపు వాతావరణం. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు. ప్రపంచం నలుమూలల నుంచీ యాత్రికులు..."

అక్కడ ఆగింది. ముందు వరసలో మహిమ ఉంది. పక్కన ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి జ్ఞానయ్య. ఆ పక్కన బేబి.

కాగితం మడిచింది.

"ఇది అల్లుడుగారు రాసిందండి. నిజమే అనుకోండి. నేను చూసింది చెప్తా. అది ఇసక సముద్రం కాదు. మన మంగినపూడిలాగా కాళ్లు కూరుకుపోవు. అంతా గులకరాళ్లు. అల వెనక్కి పోయేటప్పుడు ఆ రాళ్లన్నీ దొర్లి, బస్తాలోంచి కందులు గుమ్మరించిన చప్పుడు వస్తది. ఒడ్డు పొడుగునా నడిచే బాట, పూలమొక్కలు, సైకిళ్లు. ముప్ఫై నలభై అంతస్తుల హోటళ్లు. ఎండాకాలం రాత్రిళ్లు ఒకటే లైట్లు, జనం. ఆ జనమంతా సెప్టెంబరు దాటితే ఎవరి ఊరు వాళ్లు పోతారు. ఇంక డిసెంబరులో చూడాలి, అంత పొడుగు బిల్డింగులో మూడు కిటికీలు వెలుగుతుంటాయి."

వెనక నిలబడ్డవాళ్లు ఫోనులు పైకెత్తారు.

"వాన గురించి కాగితంలో రాయలేదు. మనకి వానాకాలమంతా పడేది అక్కడ రెండు నెలల్లో పడుద్ది. గొడుగు లేకుండా పంపమాకండి. మా వంటిల్లు రోడ్డుకి కింద ఉంటదండి. మెట్లు దిగిపోవాలి. పైన ఒక కిటికీ. అందులోంచి మనుషుల కాళ్లే కనపడతాయి, మొహాలు కనపడవు. జూన్ వచ్చిందంటే అన్నీ సముద్రంలో మునిగొచ్చిన తడికాళ్లు, రబ్బరు చెప్పులు. తర్వాత బూట్లు, గొడుగు చివర్లు. కాళ్లు చూసి ఏ నెలో చెప్తా నేను."

జనం నవ్వారు. ప్రేమగానే నవ్వారు. పుష్పవతి నవ్వలేదు. తను చెప్పేది వాళ్లకి ఎందుకు చేరట్లేదో అర్థంకాక ఇంకా నిజం చెప్పాలని చూసింది.

"గోంగూర దొరకదు" అంది.

"మరి పిల్లలకెట్టా అండీ?" అని ఎవరో తల్లి వెనక నుంచి అడిగింది.

"ఎండబెట్టి ఇక్కణ్ణుంచే తీసుకెళ్తానమ్మా. కారం కూడా మన కారమే. వారానికి రెండు సార్లు కోడికూర. ఎవరికన్నా జ్వరమొస్తే మిరియాల చారు పెట్టి గదికి తీసుకెళ్లి ఇస్తా. లిఫ్టు పని చెయ్యకపోతే ఏడు అంతస్తులు ఎక్కా ఒకసారి."

చప్పట్లు మోగాయి. సతీష్ పక్కన నిలబడి తల ఊపుతున్నాడు. కష్టం చెప్పబోయి గొప్ప చెప్పుకున్నట్టయింది. పుష్పవతికి ఒళ్లు మండింది, ముఖ్యంగా తన మీదే.

"పై అంతస్తులో నానా అని ఒకావిడ ఉండేది. నా ఈడే. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకి రాదు. చలికాలం వాళ్ల దొడ్డి నారింజలు తెచ్చి మా కిటికీలోంచి లోపలికి దొర్లించేది. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. ఆమె మాటలు ఆమెవి, నా మాటలు నావి. వాళ్లాయన గురించే చెప్పేదనుకుంటా. నేను మాయన గురించి చెప్పేదాన్ని. ఇద్దరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. అయినా లేవబుద్ధయ్యేది కాదు." మడిచిన కాగితాన్ని ఇంకో మడత పెట్టింది. "మొన్న వేసవిలో వాళ్లమ్మాయి వచ్చి తీసుకెళ్లిపోయింది."

వేదిక పక్కన పళ్లెం దగ్గర నిలబడ్డ కృష్ణప్రియ నేల చూపులు చూసింది.

"సముద్రం మా మెస్సుకి ఆరు నిమిషాల నడక. రెండేళ్లలో పదకొండు సార్లు వెళ్లా."

ఇంకేమన్నా చెబుతుందేమోనని హాలు ఎదురుచూసింది. సతీష్ మెల్లగా వచ్చి మైకు అందుకున్నాడు.

"మా అత్తయ్య ఇట్టాగే ఉంటారండి. అబద్ధం చెప్పటం రాదు. అందుకే మీ పిల్లల్ని ఆమె దగ్గర పెడుతున్నాం" అని మైకు పక్కకి జరిపి, ఆమెకి మాత్రమే వినపడేట్టు, "ఒక్కరేనత్తయ్యా. మిగతా అందరికీ వద్దని చెప్పేసా. ఈ ఒక్క పిల్ల. మామయ్యగారికి సేవ చేసిన మనిషి కూతురు, మీరు కాదనరనే..." అన్నాడు.

మాట తప్పాడు, అదీ ఇంత మర్యాదగా.

మహిమ వేదిక ఎక్కింది. వెనక జ్ఞానయ్య, బేబి. పాలపళ్లెం ముందుకి తెచ్చిన కృష్ణప్రియతో జ్ఞానయ్య, "మాకు అవి వద్దమ్మా" అని, కళ్లు మూసుకుని మెల్లగా ప్రార్థన చేసాడు. "ప్రభువా, ఈ బిడ్డని, ఈ తల్లిని నీ రెక్కల నీడన..." అని సగంలో ఆపేసాడు. ముక్త్యాల తప్ప ఇంకో ఊరు నమ్మని ఆ మనిషి కూతురి మణికట్టు పట్టుకుని ముందుకి చాచాడు.

పుష్పవతి తన చెయ్యి కొంగు కింద దాచుకుంది.

పిల్ల చెయ్యి అలా గాలిలోనే ఉంది. జ్ఞానయ్య అర్థంకాక బేబి వైపు చూసాడు. బేబి ఎటూ చూడలేదు.

"అమ్మా" అంది కృష్ణప్రియ.

పుష్పవతి సతీష్ చేతిలోంచి మైకు తీసుకుంది. అవి ముందే అనుకున్న మాటలు కావు.

"నలభై ఆరుగురిని అప్పగించారండి నాకు. అందరి చేతులూ పట్టుకున్నా. ఎవరినీ వదల్లా. ఒక్కటి అడుగుతా, మీరంతా పెద్దవాళ్లు, చెప్పండి. నన్ను పంపేటప్పుడు నా చెయ్యి ఎవరూ ఎవరి చేతిలోనూ పెట్టలేదు. మరి నన్ను ఎవరికి అప్పగించారు?"

కృష్ణప్రియ చేతిలో పళ్లెం ఒరిగి పాలు చీర మీద ఒలికాయి. ఆమె చూసుకోలేదు. అమ్మనే చూస్తోంది, ఆ ప్రశ్న ఎవరికో తెలిసినట్టు. సతీష్‌బాబు మైకు కోసం చాచిన చెయ్యి దించేసాడు. ఇంకొక్క క్షణం అలాగే ఉంటే పుష్పవతి ఆ మిగిలిన మాట కూడా అనేసేది. నేను వెళ్లను అనే మాట. అది పెదవుల మీదే ఉంది.

మహిమ ముందుకి వచ్చింది. కొంగు కింద దాచుకున్న ఆ ముసలి చేతిని తనే వెతికి పట్టుకుని బయటికి తీసింది. రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"నాకు అప్పగించండి అమ్మమ్మగారూ" అంది. కళ్లనిండా నీళ్లు. "నేను చూసుకుంటా మిమ్మల్ని. రోజూ సముద్రం దగ్గరికి తీసుకెళ్తా. ఒట్టు."

మనస్ఫూర్తిగానే అంది. అదే వచ్చిన ప్రమాదం.

హాలు ఒక్కసారిగా పేలింది. చప్పట్లు, ఈలలు, ఏడుపులు. ఆడవాళ్లు కొంగులతో మొహాలు తుడుచుకుంటున్నారు. పైకెత్తిన ఫోనులు దిగడం లేదు. జ్ఞానయ్య చేతులెత్తి నమస్కారం పెట్టాడు. సతీష్ కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్లు కావు. అతను మైకు తీసుకుని, "విన్నారుగా! మహిమ డాక్టరై తిరిగొచ్చేదాకా, ఈ ఆరేళ్లూ, అమ్మమ్మకి మహిమ తోడు, మహిమకి అమ్మమ్మ తోడు!" అని ప్రకటించాడు.

ఆరేళ్లు. పుష్పవతికి అరవై ఒకటి.

చెయ్యి వెనక్కి లాక్కోవాలని చూసింది. పిల్ల ఇంకాస్త గట్టిగా పట్టుకుంది, ఆమె పడిపోతుందేమోనని. కాదని చెప్పాలంటే ఇప్పుడు ఈ మొహం చూస్తూ చెప్పాలి. పుష్పవతి చెప్పలేకపోయింది. ఆ హాల్లో ఆమె మనసు తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. తనకి రాని మాట ఆమె అయినా అంటుందేమోనని, చివరి ఆశగా బేబి వైపు తిరిగింది.

బేబి ఆమెనే చూస్తోంది. మొదటినుంచీ చూస్తూనే ఉంది. చప్పట్లు కొట్టనిది తనొక్కతే. పెదవులు కదిలాయి. ఆ తర్వాత ఆమె చూపు కూతురి మీదికి పోయింది. రెండేళ్ల తర్వాత వెలుగుతున్న ఆ మొహం మీద కాసేపు ఆగింది.

మళ్లీ పుష్పవతి వైపు చూడలేదు. తల వంచుకుని, నెమ్మదిగా రెండు చేతులూ ఎత్తి, బేబి కూడా చప్పట్లు కొట్టింది.